విడిచిపెట్టిన గుర్రం: చరిత్ర, ధర్మశాస్త్రం, మన బాధ్యత

హదీసు గ్రంథాలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నవారికి కొన్ని పదాలు రోజుల తరబడి అడ్డుపడుతూ ఉంటాయి. ఇమాం అబూ దావూద్ (మరణం హి. 275) తమ ‘సునన్’లో క్రయవిక్రయాల ప్రకరణం మధ్య ఒక చిన్న అధ్యాయం ఉంచారు. ‘హసీర్’ను బ్రతికించినవాని విషయం అందులో ఉన్నది. నడిచి నడిచి శక్తి ఉడిగి, ఇక అడుగు వేయలేక నిలిచిపోయిన పశువును అరబ్బులు హసీర్ అంటారు. దివ్యఖుర్ఆన్ లో సూరా ముల్క్ నాలుగవ ఆయత్ లో ఇదే పదం అలసి వెనుదిరిగిన చూపునకు వాడబడింది. నా మొదటి చిత్తు ప్రతిలో దీనిని ‘పనికిరాని పశువు’ అని వ్రాశాను. తరువాత కొట్టివేశాను. ఎందుకు కొట్టివేయవలసి వచ్చిందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకోసం అరేబియాకు ముందు మన ఇందూరు గడ్డమీదికే వెళ్ళాలి.

ఇందూరులో గుర్రం

నిజామాబాదుకు పాత పేరు ఇందూరు. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి మన్మాడుకు రైలుమార్గం పడేవరకు ఈ ప్రాంతంలో త్వరగా వెళ్ళవలసిన మనిషికి గుర్రమే ఆధారం. దేశ్‌ముఖులు, తహసీల్దార్లు, గిర్దావర్లు, పోలీసు అమీనులు గుర్రం మీదనే ఊళ్ళు తిరిగేవారు. రైలు వచ్చిన తరువాత గుర్రం పోలేదు, దాని పని మారింది. స్టేషను నుంచి ఊళ్ళోకి మనిషిని, మూటను చేర్చేందుకు టాంగా వచ్చింది. టాంగా వెంట నాల్‌బందు, సాయీసు, జీనుపని చేసేవారు, గడ్డి అమ్మేవారు బ్రతికారు. గుర్రాలకు వైద్యం చేసేవానిని జనం సాలోత్రి అనేవారు. సంస్కృత శాలిహోత్రుని పేరు ఉర్దూలోకి వచ్చి అలా మారింది. వారిలో చాలామంది మన ముస్లిం కుటుంబాలవారే.

గుర్రాలు దొరికే చోటు కూడా దూరం కాదు. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్ లో ప్రతి ఏటా జరిగే ఖండోబా జాతర గుర్రాల సంతకు పేరుపడ్డది. 1956 వరకు నాందేడు, ఇందూరు ఒకే హైదరాబాదు రాజ్యంలోని జిల్లాలు. కనుక కొనడానికైనా అమ్మడానికైనా సరిహద్దు అడ్డం ఉండేది కాదు.

కొనడం గురించి మన పూర్వులు చాలా వ్రాశారు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం వ్రాశాడు. ఉర్దూలో సఆదత్ యార్ ఖాన్ రంగీన్ 18వ శతాబ్దం చివర ‘ఫరస్‌నామా’ వ్రాశాడు. గుర్రం రంగు, పళ్ళు, నడక, రోగాలు, చికిత్స, అన్నిటికంటే ముఖ్యంగా ఒంటిమీది సుళ్ళు ఇటువంటి గ్రంథాలలో చర్చకు వస్తాయి. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి అరిష్టమని నమ్మేవారు. ఆ నమ్మకం వల్ల ఆరోగ్యంగా ఉన్న గుర్రం కూడా ధర పడిపోయి చేతులు మారేది. అంటే గుర్రాన్ని వద్దనుకోవడానికి ముసలితనమే కానక్కరలేదు, ఒక సుడి చాలు.

ఎద్దుకు, గుర్రానికి మధ్య ఒక తేడా ఉన్నది. దానిని గమనించకపోతే ఈ సమస్య అర్థం కాదు. దున్నలేని ఎద్దుకు పల్లెలో ఏదో ఒక ధర పలికేది. గుర్రానికి అది లేదు. గుర్రపు మాంసం విషయంలో ఇమాం అబూ హనీఫా మక్రూహ్ అన్నారు. వారి శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అనుమతించారు. ఖైబర్ సందర్భాన గుర్రపు మాంసానికి అనుమతి లభించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు ఉన్నది. అయితే గ్రంథాలలో ఏమి ఉన్నా, దక్కనులో ముస్లిములు గాని హిందువులు గాని గుర్రాన్ని తినే అలవాటు పెట్టుకోలేదు. కనుక కాలు విరిగిన రోజు నుంచి గుర్రానికి విలువ సున్న. తిండి ఖర్చు మాత్రం అంతే ఉంటుంది. ఉలవలు, గడ్డి, నాడాలు ఏవీ తగ్గవు. ఈ లెక్కలోనే విడిచిపెట్టడం మొదలవుతుంది.

నీరు, చెరుకు, మోటారు

1923 నుంచి 1931 వరకు మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టబడింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ప్రధాన ఇంజనీరు. కాలువల నీళ్ళు బోధన్ వైపు పారాయి. 1937లో శక్కర్ నగర్ లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా దానికి పేరు. మెట్ట భూములు చెరుకు మడులు, వరి మడులు అయినాయి. జిల్లాకు సంపద వచ్చింది, కాదనలేము. కాని పశువుల మేతకు వదిలిన బీళ్ళు ఆయకట్టు కింద తగ్గిపోయినాయి. చెరుకును బండ్లమీద మోసింది ఎద్దులు, తరువాత లారీలు, ట్రాక్టర్లు. ఆ సంపదలో గుర్రానికి చోటు దొరకలేదు. పట్టణంలో రిక్షాలు, వాటి తరువాత ఆటోలు వచ్చి టాంగాను తీసివేశాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా మేనమామ నిజామాబాదు స్టేషను దగ్గర టాంగా నడిపేవాడు. 1990 ప్రాంతంలో, నాకు పదేళ్ళు నిండని రోజులలో, ఆయన టాంగా మానుకున్నాడు. బండి అమ్ముడుపోయింది. గుర్రానికి ముందుకాలు కుంటు, కొనేవారు లేరు. ఒకరాత్రి ఆయన దానిని బోధన్ రోడ్డు మీద కొంతదూరం తోలుకొని పోయి, కళ్ళెం తీసి, చెరుకు తోటల మధ్య వదిలి ఇంటికి వచ్చాడు. “అల్లా మియా పచ్చిక ఇచ్చాడు, తిని బ్రతుకుతుంది” అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదని మాత్రం అమ్మ చెప్పేది.

గుర్రం చెరుకులో పడింది. రైతులు కొట్టి బందెలదొడ్డికి తోలారు. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో ఎడ్లు, ఆవులతో పాటు గుర్రాలు కూడా లెక్కలో ఉన్నాయి. దొడ్డిలో పడిన పశువును యజమాని రుసుము కట్టి విడిపించుకోవాలి. లేనిపక్షంలో ప్రకటన చేసి వేలం వేస్తారు. కుంటి గుర్రానికి ఎవరు పాట పాడతారు? చివరకు ఒక కురుమ పెద్దాయన నామమాత్రపు డబ్బు కట్టి తోలుకొని పోయాడు. గొర్రెల మంద వెంట గొంగళ్ళు, వంటపాత్రలు మోయడానికి నెమ్మదిగా నడిచే జంతువు ఆయనకు చాలు. ఆయన దానికి పసరు కట్టి, కాలు కాపి, ఒక వానాకాలం పని చెప్పకుండా మేపాడు.

మరుసటి సంవత్సరం మామయ్య దానిని సంతలో చూశాడు. ఒళ్ళు చేసి ఉన్నది. ఆయన గొంతు విని చెవులు నిక్కించింది. అది నాదేనని మామయ్య అడిగాడు. కురుమ పెద్దాయన గొడవ పడలేదు. “సాయిబూ, నీ గుర్రమే కావచ్చు, తోలుకపో. రేపు మళ్ళ కాలు నొస్తే మళ్ళ చెరుకుల ఇడుస్తవా?” అన్నాడు. ఇద్దరూ కలిసి మా మొహల్లా మౌల్వీసాబ్ దగ్గరికి వచ్చారు.

మౌల్వీసాబ్ ఒకే ప్రశ్న వేశారు. “భాయ్, వదిలినప్పుడు నోటితో ఏమైనా అన్నావా? తీసుకున్నవానిదే అని అన్నావా?” మామయ్య లేదన్నాడు. “అయితే మన హనఫీ ఫిఖహ్ ప్రకారం గుర్రం నీదే. ఇతడు పెట్టిన మేత ఖర్చు కూడా నీ మీద దావా వేసి రాబట్టుకోలేడు. తీర్పు ఇంతవరకే. దానిని ఆకలికి వదిలిన రాత్రికి జవాబు నీవే సిద్ధం చేసుకో, అది నా దగ్గర లేదు” అన్నారు. మామయ్య చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. అప్పుడు, ఏడాది ఆలస్యంగా, ఆ మాట అన్నాడు: “ఇది ఎవరి దగ్గర ఉన్నదో వారిదే.”

ఆనాడు నాకు ఇది ఒక కథ. మద్రసాలో చదువుకునేటప్పుడు తెలిసింది, మౌల్వీసాబ్ అడిగిన ప్రశ్న వెనుక వేయి సంవత్సరాలకు పైబడిన చర్చ ఉన్నదని.

ధర్మశాస్త్రజ్ఞులు ఏమన్నారు?

అబూ దావూద్ ఉల్లేఖనను కూఫాకు చెందిన తాబియీ ఇమాం షఅబీ తెలిపారు. ఎవరి ద్వారా విన్నారని అడిగితే, ఒకరికంటే ఎక్కువమంది సహాబాల ద్వారా అన్నారు. దాని సారాంశం ఇది: మేపలేక యజమానులు వదిలివేసిన పశువును ఎవరైనా తీసుకొని బ్రతికిస్తే, అది అతనిదే అవుతుంది.

ఇమాం అహ్మద్ అనుయాయులు దీనిని యథాతథంగా స్వీకరించారు. ఇబ్నె ఖుదామా (మరణం హి. 620) ‘అల్ ముగ్నీ’లో ఈ పక్షాన్నే సమర్థించారు. ఇమాం మాలిక్ పశువు మొదటి యజమానిదేనని, అయితే బ్రతికించినవానికి ఖర్చు చెల్లించాలని అన్నారు. ఇమాం షాఫియీ దృష్టిలో పశువు యజమానిదే, బ్రతికించినవాడు పుణ్యం కోసం చేసినవాడు. హనఫీలు మధ్యలో ఒక మాటను నిలిపారు. వదిలేటప్పుడు ‘తీసుకున్నవానిదే’ అని ప్రకటిస్తే అది తీసుకున్నవానిది, ప్రకటించకపోతే యజమానిది. యాజమాన్యం విషయంలో ఇంత భేదం ఉన్నప్పటికీ, పశువును ఆకలికి వదలడం పాపమన్న విషయంలో వీరి మధ్య భేదం లేదు.

మేపవలసిన బాధ్యత విషయం ‘హిదాయా’లో భరణం అధ్యాయం చివర వస్తుంది. పశువును మేపమని యజమానికి దైవం ఎదుట ఆజ్ఞ ఉన్నది, కాని ఖాజీ నిర్బంధించడు అన్నది హనఫీలలో ప్రధాన అభిప్రాయం. నిర్బంధించవచ్చునని ఇమాం అబూ యూసుఫ్ అన్నారు. షాఫియీలు మరింత స్పష్టంగా చెప్పారు. యజమాని మేపాలి, లేదా అమ్మాలి, తినదగిన పశువైతే జిబహ్ చేయాలి. మావర్దీ (మరణం హి. 450) పాలనా శాస్త్ర గ్రంథంలో బజారును తనిఖీ చేసే ముహ్తసిబ్ విధులలో పశువులపై మోయలేని బరువు వేయకుండా, తిండి పెట్టకుండా పని చేయించకుండా చూడడాన్ని చేర్చారు.

వీటన్నిటికంటే సూటిగా చెప్పినవారు ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ (మరణం హి. 660, క్రీ.శ. 1262). మనిషిపై పశువులకు గల హక్కులను ‘ఖవాయిదుల్ అహ్కామ్’లో వరుసగా లెక్కించుతూ, ఆ పశువు ముదిసిపోయినా, ఇక ఏ లాభం రానంతగా జబ్బుపడినా దానికి తగిన మేత ఇవ్వడం దాని హక్కు అన్నారు. దీనిలోని మర్మం గ్రహించాలి. మేత కూలి కాదు. కూలి అయితే పనితో పాటు ఆగిపోవాలి. అది హక్కు కనుక పని ఆగినా ఆగదు.

దైవప్రవక్త (సఅసం) జీవితంలోని సంఘటనలు దీనికి మూలం. వీపుకు అంటుకుపోయిన పొట్టతో ఉన్న ఒంటెను చూసి, ఈ నోరులేని జీవాల విషయంలో అల్లాహ్ కు భయపడవలసిందిగా ఆయన హెచ్చరించారు. ఒక అన్సారీ తోటలో కన్నీరు కార్చిన ఒంటెను నిమిరి, నీవు దీనిని పస్తు పెట్టి అరగదీస్తున్నావని యజమానిని మందలించారు. గుర్రాన్ని పెంచేవారు మూడు విధాలని, కొందరికి అది పుణ్యమని, కొందరికి తెర అని, కొందరికి భారమని తెలిపిన బుఖారీ హదీసు పాఠకులకు తెలిసినదే. ఆ గుర్రం మెడపై, వీపుపై అల్లాహ్ హక్కు ఒకటి ఉన్నదని మరువకూడదని అందులోనే సూచన ఉన్నది.

‘వదిలేశాను, స్వేచ్ఛగా బ్రతుకుతుంది’ అనే మాటకు కూడా జవాబు ఉన్నది. ఇస్లాంకు పూర్వం అరబ్బులు విగ్రహాల పేర కొన్ని ఒంటెలను పని చెప్పకుండా విడిచిపెట్టేవారు. వాటిని సాయిబా అనేవారు. మన పల్లెలలో అచ్చోసి ఆంబోతును వదలడం వంటిదే. సూరా మాయిదా 103వ ఆయత్ ఆ ఆచారాన్ని అల్లాహ్ విధించలేదని తిరస్కరించింది. ఫిఖహ్ పండితులు దీని ఆధారంగానే, సొంత పశువును ఊరికే విడిచి బాధ్యత దులుపుకోవడాన్ని సమ్మతించలేదు. పెంపుడు గుర్రం అడవి జంతువు కాదు. దాని తిండి, నీరు, గిట్టల సంరక్షణ మనిషి చేతిలోనే పెట్టి పెంచాము. ఆ చేతిని తీసివేయడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు.

కైరోలో ఏమి జరిగింది?

ఈ తప్పు బీదవారికే పరిమితమని అనుకోరాదు. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు ఆశ్వికులతో కలిసి సూయెజ్, పాలస్తీనా రంగాలలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంపై 1922లో నిలిపిన మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులవి. మనుషులకు విగ్రహాలు లేచాయి. ఆ యుద్ధానికి ఆస్ట్రేలియా నుంచి సుమారు 1,36,000 గుర్రాలు విదేశాలకు వెళ్ళాయి. స్వదేశానికి తిరిగి చేరింది ఒకే ఒక్కటి. ముసలివాటిని కాల్చివేశారు, కొన్నిటిని ఇతర దళాలకు ఇచ్చారు. బ్రిటిష్ సైన్యం వేలాది గుర్రాలను ఈజిప్టులోనే అమ్మివేసింది.

పన్నెండేళ్ళ తరువాత, 1930లో, ఒక సైనికాధికారి భార్య డొరొతీ బ్రూక్ కైరో చేరి, సైన్యపు ముద్ర చెరగని ముసలి గుర్రాలు బండ్లకు కట్టబడి ఉండడం చూసింది. 1931లో లండన్ పత్రిక ‘మార్నింగ్ పోస్ట్’కు లేఖ వ్రాసింది. వచ్చిన విరాళాలతో దాదాపు 5,000 గుర్రాలను కొన్నది. చాలావాటికి మిగిలినది కొన్నిరోజుల విశ్రాంతి, ఆ తరువాత బాధలేని మరణం మాత్రమే. 1934లో కైరోలో ఆమె స్థాపించిన పశువుల ఆసుపత్రి నేటికీ పనిచేస్తున్నది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఆ గుర్రాలను వదిలింది ఒక సామ్రాజ్యం, దానికి పేదరికం సాకు లేదు. రెండవది మనకు కటువైనది. వాటిని కొని చివరివరకు అరగదీసినవారిలో మన సోదరులు ఉన్నారు. వారు పేదలు, నిజమే. అయినా ఒంటె కన్నీరు చూసి ఆగిన ప్రవక్త ఉమ్మత్ కు ఆ పని ఒక పరాయి స్త్రీ గుర్తు చేయవలసి రావడం సంతోషించదగిన విషయం కాదు. ఎందుకంటే మనకు దారి తెలియక కాదు. డమాస్కస్ లో ముసలి పశువులు చనిపోయేవరకు మేయడానికి ఒక పచ్చిక బయలు వక్ఫు చేయబడి ఉండేదని షేక్ ముస్తఫా సిబాయీ వ్రాశారు.

నేటి స్థితి

భారతదేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలు ఉండగా 2019 నాటికి సుమారు 3.4 లక్షలకు తగ్గినాయి. ఇటుక బట్టీలు, బారాత్ లు, పందేలు, కొండదారుల యాత్రలు మిగిలిన పని. 2025 ఏప్రిల్, మే నెలలలో హైదరాబాదు నుంచి జబల్‌పూరుకు 57 గుర్రాలను లారీలలో తరలించారు. వాటిలో పలు గుర్రాలు కొద్దిరోజులలోనే చనిపోయినాయి. విషయం మధ్యప్రదేశ్ హైకోర్టు వరకు వెళ్ళింది. పందెం ఆగితే గుర్రం ఎవరిది అన్న ప్రశ్న అక్కడ కూడా తలెత్తింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో పశువును సహేతుక కారణం లేకుండా విడిచిపెట్టడం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు! ఉలవల ఖర్చు కంటే జరిమానా చవక. మరొక ప్రమాదం కూడా ఉన్నది. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ వ్యాధి మనుషులకు సోకుతుంది. పరీక్షలో తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపవలసిందే. వీధిన వదిలిన గుర్రానికి ఆ పరీక్ష చేయించేదెవరు?

నయం కాని బాధతో ఉన్న పశువు విషయంలో కూడా ధర్మశాస్త్రం మౌనంగా లేదు. జబ్బుపడి ఇక ఉపయోగపడని గాడిదకు విశ్రాంతి కలిగించే నిమిత్తం జిబహ్ చేయడంలో దోషం లేదని ‘ఫతావా ఆలంగీరీ’లో ఉన్నది. షాఫియీలు, హన్బలీలు దీనికి ఒప్పుకోరు. నేటి చట్టం కూడా పశువైద్యుని నిర్ణయం మీద, నిర్ణీత పద్ధతిలో దీనిని అనుమతిస్తున్నది. అయితే ఇది బాధ తీర్చడానికే గాని ఖర్చు తప్పించుకోవడానికి కాదు.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గుర్రాన్ని కొనే రోజే దాని చివరి రోజుల మేతను లెక్కలో వేసుకోవాలి. బారాత్ గుర్రాలు నడిపే సోదరులు ప్రతి పెళ్ళి కిరాయి నుంచి కొంత తీసి ఉమ్మడి నిధి పెట్టుకోవచ్చు. పెళ్ళివారు కుంటుతున్న గుర్రాన్ని నిరాకరిస్తే దాని యజమాని దానికి విశ్రాంతి ఇస్తాడు. పోషించలేని స్థితి వస్తే రాత్రివేళ వదలకుండా, పగలు నలుగురి ముందు, మేపగలిగినవాని చేతికి పగ్గం అందించి, ‘ఇది నీది’ అని చెప్పాలి. వక్ఫు చేసే స్తోమత ఉన్నవారు డమాస్కస్ పచ్చికను జ్ఞాపకం ఉంచుకొనవచ్చు.

బోధన్ ప్రజలకు ఈ విషయం ఎక్కువగా వివరించనక్కరలేదు. 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్ళిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి ఆగిపోయినప్పుడు, పని తీరిన తరువాత నిలబడిపోవడమంటే ఏమిటో శక్కర్ నగర్ ఇళ్ళలో చూశారు. మనిషిని, పశువును నేను సమానం చేయడం లేదు. మనిషి తన హక్కు కోసం ధర్నాకు కూర్చోగలడు. పశువు ఆ పని కూడా చేయలేదు.

మామయ్య 2000 తరువాత కాలం చేశారు. గుర్రం అంతకు చాలా ముందే, ఆ కురుమవారి కొట్టంలోనే చనిపోయిందని విన్నాము. దాని చివరి రెండేళ్ళు వారు దాని మీద గొంగడి కూడా వేయలేదట. అనువాదంలో ఇప్పుడు హసీర్ అన్న చోట నేను ‘అలసి ఆగిపోయిన పశువు’ అని వ్రాసుకున్నాను. మూలానికి అదే దగ్గర. ‘పనికిరాని’ అన్న మాట ఆ అరబ్బీ పదంలో లేదు. అది మన లెక్కలో నుంచి వచ్చి చేరింది.